అధ్యాయాల తలరాతలు

మూడు సంపుటాల ఫాంటసీ నవలని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ళు చాలామంది ఒక పని చేస్తారు. అధ్యాయం నంబరు చూస్తారు. దాని కింద వాలు అక్షరాల్లో ఉన్న నాలుగు వాక్యాలనీ ఒక చూపు చూస్తారు. అవి ఎవరి మాటలో అంతుపట్టక, గబగబా అసలు కథలోకి దూకేస్తారు. పెళ్ళిపత్రికలో పైనున్న శ్లోకాన్ని దాటేసి, ముహూర్తం ఎన్నింటికో చూసుకున్నట్టన్నమాట. పాపం, వాళ్ళని అనటానికేమీ లేదు. ఆ వాక్యాల్లో ఉన్న పేర్లు కథలో ఇంకా రాలేదు. పైన చెప్పే సంగతికీ కింద జరిగే సంగతికీ పొంతన కనపడదు. భోజనానికి కూర్చున్నవాడికి పక్కింటివాళ్ళ ఉత్తరం చదివి వినిపించినట్టుంటుంది.

ఇంగ్లీషులో వీటిని ఎపిగ్రాఫులంటారు. నవలల్లో వీటికి రెండువందల ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర కాస్త తెలిస్తే వీటిని ఎలా చదవాలో దానంతటదే బోధపడుతుంది. వృత్తిరీత్యా నేను రోజూ చదివేవి కంప్యూటర్లు రాసిపెట్టే లాగ్ ఫైళ్ళు. ఏ మెషీను రాసింది, ఎన్నింటికి రాసింది, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది చూడందే మా వృత్తిలో ఒక్క లైను కూడా నమ్మం. ఆ అలవాటు సోమవారం పొద్దున విమానంలో నవల తెరిచినప్పుడు కూడా నన్ను వదలదు. ఎపిగ్రాఫుల దగ్గర అది భలే పనికొస్తుంది.

ముందు మాట సంగతి. ఎపిగ్రాఫ్ అన్నది గ్రీకు నుంచి వచ్చిన మాట. 'పైన రాసినది' అని అర్థం. రాతి మీదో లోహం మీదో చెక్కిన రాతకి మొదట ఆ పేరు. అందుకే శాసనాలు చదివే విద్యని ఇంగ్లీషులో ఎపిగ్రఫీ అంటారు. మన దేశపు శాసనాలు అచ్చయిన సంపుటాల పేరు 'ఎపిగ్రాఫియా ఇండికా'. గుడి గోడ మీద చెక్కిన రాతకీ, నవలలో అధ్యాయం నెత్తిన అచ్చువేసిన రాతకీ మూలం ఒకటే. తెలుగులో నన్ను పేరు పెట్టమంటే 'తలరాత' అంటాను. కొన్ని నవలల్లో అవి నిజంగా తలరాతలే. కింద జరగబోయేది పైన ముందే రాసిపెట్టి ఉంటుంది.

మన కావ్యాలు చదివినవాళ్ళకి ఇలాంటివి పూర్తిగా కొత్త కాదు. ఆంధ్ర మహాభారతంలో ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ కృతిపతిని సంబోధించే పద్యం ఒకటి ఉంటుంది. కథ తొందరలో మనం దాన్ని కూడా దాటేస్తాం. కానీ ఆ పద్యాలని మాత్రం వరసగా చూసుకుంటూ పోండి, భారతం తెలుగులోకి వచ్చిన చరిత్ర సగం కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో నన్నయ రాజరాజనరేంద్రుణ్ణి సంబోధించాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఏ రాజునీ పిలవకుండా హరిహరనాథుణ్ణి పిలిచాడు. నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో పూరించిన ఎర్రన, తనకి ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయం ఉన్నా, ఆ శేషాన్ని మాత్రం నన్నయ పేరు మీదే, రాజరాజుకే అంకితంగా నడిపించాడు. అప్పటికి ఆ రాజు పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరి పేరుతో మాట్లాడుతున్నారు అన్న ప్రశ్న ఆశ్వాసం గుమ్మంలోనే ఉంది. నవలల తలరాతలకి కూడా ఇదే తాళంచెవి.

ఇక ఇంగ్లీషు నవల సంగతి. అధ్యాయానికో కవితా ఖండికని తగిలించే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చిన రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్. పాడుబడ్డ కోటలు, రహస్య ద్వారాలు, భయపడే కథానాయికలు, ఇదీ ఆమె సరుకు. 1791లో వచ్చిన 'ది రొమాన్స్ ఆఫ్ ది ఫారెస్ట్'లోనూ, 1794లో వచ్చిన 'ది మిస్టరీస్ ఆఫ్ యుడాల్ఫో'లోనూ అధ్యాయాల మొదట్లో షేక్‌స్పియర్, మిల్టన్, థామ్సన్ వంటి కవుల పంక్తులు కనిపిస్తాయి. ఆ రోజుల్లో నవలంటే పెద్దమనుషులకి చిన్నచూపు. ఆడపిల్లల్ని చెడగొట్టే కాలక్షేపం అనుకునేవారు. అలాంటి నవల గుమ్మానికి షేక్‌స్పియర్ పంక్తి కట్టడమంటే మామిడాకుల తోరణం కట్టినట్టే. ఇదీ మర్యాదస్తుల ఇల్లేనని చెప్పుకోవడం. రాబోయే అధ్యాయంలో భయమో విషాదమో, దాని రంగు కూడా ఆ పంక్తులే ముందు చూపించేవి. అప్పటికి తలరాత అంటే అరువు తెచ్చుకున్న నగ.

అరువుతో వచ్చే చిక్కేమిటంటే, వేళకి దొరకదు. సర్ వాల్టర్ స్కాట్ అల్లుడు లాక్‌హార్ట్, మామగారి జీవితచరిత్రలో ఒక ముచ్చట చెప్పాడు. 1816లో 'ది ఆంటిక్వరీ' నవల ప్రూఫులు దిద్దుతూ స్కాట్ పక్కనున్న స్నేహితుణ్ణి పాత నాటకాల్లోంచి ఫలానా ఘట్టం వెతికిపెట్టమన్నాడట. ఎంత వెతికినా అది దొరకలేదు. నువ్వు వెతికేలోగా నేనే ఒకటి రాసేస్తానని చెప్పి, స్కాట్ అక్కడికక్కడే రాసేశాడట. కింద 'పాత నాటకం' అని పెట్టేశాడు. ఆ తరవాత ఎప్పుడు పంక్తి కావాల్సి వచ్చినా 'పాత నాటకం', 'పాత జానపదగీతం' అన్న అక్షయపాత్రలు ఉండనే ఉన్నాయి. 1827లో 'క్రానికల్స్ ఆఫ్ ది కానన్‌గేట్' ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నాడు, వీటిలో కొన్ని జ్ఞాపకం నుంచి రాసినవి, చాలావరకు సొంత కల్పనలేనని. తమాషా ఏమిటంటే, 1814లో 'వేవర్లీ' వేసిన నాటి నుంచీ పేరు లేకుండా రాస్తూ వచ్చిన స్కాట్, ఆ నవలలన్నీ తనవేనని అచ్చులో ఒప్పుకున్నది కూడా అదే ముందుమాటలో. రెండు ముసుగులూ ఒకేసారి తీశాడు.

ఆ ఒప్పుకోలు వల్ల మరో చిక్కు వచ్చింది. 1816లోనే వచ్చిన 'ఓల్డ్ మోర్టాలిటీ' నవలలో ఒక అధ్యాయం పైన వీరత్వాన్ని పొగిడే నాలుగు పంక్తులున్నాయి. కింద 'అజ్ఞాత కవి' అని ఉంది. స్కాట్ సంగతి తెలుసు గనక అవి కూడా ఆయన కట్టినవేనని అందరూ నమ్మారు. సంకలనాలలో ఆయన పేరుతోనే వేశారు. తీరా 20వ శతాబ్దంలో చూస్తే, 1791లో ఎడింబరోలో వెలువడిన 'ది బీ' అనే పత్రికలో ఆ పంక్తులున్న పూర్తి కవిత దొరికింది. రాసినాయన థామస్ ఆస్బర్ట్ మోర్డాంట్ అనే సైనికాధికారి. అంటే స్కాట్ ఆ ఒక్కచోట నిజమే చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. నాన్నా పులి కథే! దొంగ పంక్తులు పదింటిని కలిపితే, పదకొండో పంక్తి నిజమైనదైనా దాని విలువ పోతుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

స్కాట్ చాటుగా చేసిన పనిని జార్జ్ ఇలియట్ బాహాటంగా చేసింది. 'ఫీలిక్స్ హోల్ట్' (1866), 'మిడిల్‌మార్చ్' (1871–72), 'డేనియల్ డిరోండా' (1876) నవలల్లో అధ్యాయాలపై పెద్ద కవుల మాటలు పేర్లతో సహా ఉంటాయి. వాటి మధ్య సంతకం లేనివి చాలా ఉంటాయి. అవి ఆమె సొంతం. పాత నాటకమనీ, పాత పాట అనీ బుకాయించలేదు. అరువు నగల పక్కన ఇంట్లో చేయించుకున్న నగ కూడా పెట్టుకుందన్నమాట. దాంతో తలరాత అంటే వేరే పుస్తకంలోంచే రావాలన్న నియమం సడలిపోయింది.

వేరే పుస్తకం ఎలాగూ అక్కర్లేదన్నాక, లేని పుస్తకాన్నే సృష్టిస్తే? ఆ పని చేసి చూపించినవాడు ఐజాక్ అసిమోవ్. 1942 నుంచి పత్రికలో వచ్చిన కథలని 1951లో 'ఫౌండేషన్' పుస్తకంగా వేసేటప్పుడు ముందు ఒక కొత్త భాగం చేర్చాడు. అక్కడ 'ఎన్‌సైక్లోపీడియా గెలాక్టికా' అనే విజ్ఞానసర్వస్వం నుంచి ఉదాహరణలు మొదలవుతాయి. అడుగున చిన్న గమనిక కూడా ఉంది. ఇవి ఫౌండేషన్ శకం 1020లో వెలువడిన 116వ ముద్రణ నుంచి, ప్రచురణకర్తల అనుమతితో తీసుకున్నవని! నవ్వుకుని పేజీ తిప్పేస్తే అది జోకు. ఆగి లెక్కవేస్తే అసలు సంగతి బయటపడుతుంది. సామ్రాజ్యం కూలిపోతుంది, ముప్ఫై వేల ఏళ్ళ చీకటి రాబోతుంది, దాన్ని వెయ్యేళ్ళకి కుదించాలి అన్నది కథలోని పథకం. 1020వ సంవత్సరంలో 116వ ముద్రణ వేసుకునే స్తోమత ఉందంటే, ఆ వెయ్యేళ్ళూ గడిచాయి, ఫౌండేషన్ బతికే ఉంది. మూడు పుస్తకాలూ చదివినా కథ ఆ వెయ్యేళ్ళలో సగానికి కూడా రాదు. ఫలితం మాత్రం మొదటి అధ్యాయం నెత్తిన, ఒక తేదీ రూపంలో రాసిపెట్టి ఉంది. టైమ్‌స్టాంప్ చూడకుండా లాగ్ చదవకూడదని మావాళ్ళు అనేది ఇందుకే.

1965లో ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఆ పుస్తకంలో అధ్యాయాలకి నంబర్లు లేవు. ఒక అధ్యాయం ముగిసి ఇంకోటి మొదలైందని చెప్పేవి తలరాతలే. వాటిలో ఎక్కువభాగం ఇరులాన్ రాకుమారి రాసిన గ్రంథాలలోవి. చదివేవాడికి ఆమె ఎవరో తెలియదు. కథానాయకుడు పాల్ గురించి జీవితచరిత్రలు, పిల్లల కథలు, సూక్తుల సంపుటాలు రాసిన మహా పండితురాలిలా అనిపిస్తుంది. ఫలానా వైద్యుడు ద్రోహం చేస్తాడని కూడా ఆమె గ్రంథం ముందే చెప్పేస్తుంది. ద్రోహం జరుగుతుందా అన్న ఉత్కంఠ పోయి, జరుగుతుందని తెలిసీ ఆపలేని బాధ మిగులుతుంది. రామాయణం మనం అలాగే కదా వింటాం! చివరికి వస్తే గానీ ఆమె కథలో ఎదురుపడదు. అప్పుడు తెలుస్తుంది, ఆమె ఓడిపోయిన చక్రవర్తి కూతురని, రాజకీయపు ఒప్పందంలో పాల్‌కి పేరుకి మాత్రం భార్య అవుతుందని. అప్పటిదాకా మనం చరిత్ర అనుకుని చదివినవన్నీ ఆస్థానంలో ఒక స్థానమున్న మనిషి రాతలు. కృతిపతిని సంబోధించే పద్యంలో రాజు ఎప్పుడూ జయశాలిగానే ఉంటాడు కదా. రాసినవారి కుర్చీ ఎక్కడ వేసి ఉందో చూసి చదువుకోవాలి.

ఇప్పుడు బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బోర్న్' మూడు సంపుటాల దగ్గరికి వద్దాం. అవి 2006, 2007, 2008లలో వరసగా వచ్చాయి. తలరాతలని దాటేసేవాళ్ళు అందరికన్నా ఎక్కువ నష్టపోయేది వీటి దగ్గరే. కథా రహస్యం కొంత చెప్పక తప్పదు. చివరి ముడి మాత్రం విప్పను.

ఆ లోకంలో ఆకాశం నుంచి బూడిద రాలుతూ ఉంటుంది. వెయ్యేళ్ళుగా ఒకే నియంత పాలన. మొదటి సంపుటంలో ప్రతి అధ్యాయం పైనా ఒక పాత డైరీలోని వాక్యాలుంటాయి. లోకాన్ని కాపాడటానికి బయల్దేరిన ఒక మనిషి, తనని అందరూ అవతారపురుషుడంటుంటే తనకే నమ్మకం కుదరక రాసుకున్న మాటలు. ఇంత మెత్తటి మనసున్నవాడు ఆ నియంతగా ఎలా మారాడబ్బా అని మనం ఆలోచిస్తూ చదువుతాం. కథ నడుస్తుండగా ఆ డైరీయే పాత్రల చేతికి దొరుకుతుంది. మనం పైన చదువుతున్నదాన్నే వాళ్ళూ అనువదించుకుని కింద చదువుతారు. మనం వేసుకున్న ప్రశ్నే వేసుకుంటారు. జవాబు ఎక్కడుందంటే, డైరీ రాసిన చెయ్యి ఎవరిది అన్నదాంట్లో ఉంది. డైరీలో సంతకం లేదని గమనించినవాళ్ళకి ముందే అనుమానం వస్తుంది.

రెండో సంపుటంలో తలరాతలు ఇంకొకరివి. అవి ఒక పండితుడు ఉక్కు పలక మీద చెక్కిపెట్టిన వాక్యాలు. లోహం మీద లేని ఏ రాతనీ నమ్మవద్దన్నది ఆయన హెచ్చరిక. కథలో ఒక పాత్ర ఆ పలకకి కాగితం మీద నకలు తీసుకుని, ఊరికి తెచ్చి, దాని అర్థం కోసం తంటాలు పడుతుంది. మన శాసన పరిశోధకులు కూడా రాతి మీది అక్షరాలకి తడి కాగితం అద్ది, సిరా పూసి నకళ్ళు తీసుకుంటారు. తేడా ఎక్కడంటే, ఈ కథలో కాగితం మీది నకలు నిలకడగా ఉండదు. అధ్యాయాల పైన ఉన్న ఉక్కు పాఠాన్నీ, కింద పాత్ర చదువుతున్న కాగితం పాఠాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కీలకమైన వాక్యం తేడాగా ఉంటుంది. అక్కడ లోపల బందీగా ఉన్నదేదో బయటికి రాకూడదని ఉక్కు చెబుతుంది. అక్కడి శక్తిని ఆ మనిషి తనకోసం తీసుకోకూడదని కాగితం చెబుతుంది. ఎవరో మార్చారు. రెండు ఫైళ్ళని పోల్చి తేడా చూపించే చిన్న ప్రోగ్రాము మా వృత్తిలో అందరి దగ్గరా ఉంటుంది. శాండర్సన్ ఆ పని పాఠకుడికి అప్పగించాడు. కథలోని మహామేధావులకి అందని సంగతి, వాలు అక్షరాలు ఓపిగ్గా చదివినవాడికి అందుతుంది.

ఎపిగ్రాఫ్ అన్న మాట ఇక్కడ మళ్ళీ పుట్టింటికి చేరింది. లోహం మీద చెక్కిన రాత అని కదా మొదట అనుకున్నాం! ఆ కథాలోకంలో కొందరు తమ జ్ఞాపకాలని లోహాల్లో దాచుకుంటారు. అందుకు పనికొచ్చే లోహం రాగి. ఇది చదువుతుంటే తెలుగువాడికి తిరుమల గుర్తుకు రాకుండా ఉండదు. అన్నమయ్య పాటలని ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకులపై చెక్కించి ఆలయంలో ఒక అరలో భద్రపరిచారు. శతాబ్దాల పాటు అవి అక్కడే ఉండిపోయాయి. 20వ శతాబ్దపు మొదటి భాగంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారి కృషితో లోకానికి అందాయి. రెండు వేలకి పైబడిన రేకులు. నోటిపాట మారుతుంది, తాటాకుకి చెదలు పడతాయి, రాగి నిలబడింది.

అలాగని లోహం మీద ఉన్నదంతా నిజమనుకోకూడదు. దొంగ తామ్రశాసనాలు మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి కూటశాసనాలని పేరు. అవి పుట్టించేవాళ్ళకి మరణదండన వెయ్యమని మనుస్మృతిలోనే ఉందంటే, ఆ వ్యాపారం ఎంత పాతదో చూడండి. కారణం తెలిసిందే, భూమి. తాతలనాడు ఫలానా మహారాజు దానమిచ్చాడని రాగిరేకు చూపిస్తే పొలం దక్కుతుంది. శాసన పరిశోధకులు వాటిని పట్టుకునే తీరు సరళమైనది. ఆ రాజు కాలంనాటి లిపి ఇలా ఉండేదా? చెప్పిన తిథీ వారమూ కలుస్తున్నాయా? వంశావళి మిగతా శాసనాలతో సరిపోతోందా? లోహం చేసేది ఒక్కటే, మొదట రాసినదాన్ని మారకుండా నిలబెట్టడం. అబద్ధం చెక్కితే అబద్ధాన్నే నిలబెడుతుంది. శాండర్సన్ పండితుడు ఉక్కు మీద రాయడం వల్ల మనకి తెలిసేది ఇంతే: ఇది ఆయన అన్న మాటే. ఆయన అభిప్రాయం సరైనదా కాదా అన్నది మళ్ళీ మనమే తేల్చుకోవాలి.

మూడో సంపుటంలో తలరాతలు మరో గొంతు. అన్నీ ముగిశాక వెనక్కి తిరిగి చూసి, ఎలా జరిగిందో తెలిసినవారు చెబుతున్న మాటలవి. అంటే లోకం ఏమైపోయినా, చెప్పటానికి ఎవరో ఒకరు మిగిలారు. ఎవరన్నది చివరి పేజీల్లో గానీ తేలదు. అక్కడ నేను నోరు కట్టేసుకుంటాను.

ఇలాంటి పుస్తకం మొదటిసారి చదివేవాళ్ళకి నేను చెప్పే పద్ధతి ఇది. ప్రతి తలరాతనీ చదవండి, అర్థంకాకపోయినా కంగారు పడకండి. కింద కథకి అది వివరణ అనుకోకండి. అదొక సాక్ష్యం అనుకోండి. సాక్షిని నాలుగు మాటలు అడగండి: ఎవరు నువ్వు? ఈ కథకి ముందు రాశావా, తరవాత రాశావా? ఎవరికోసం రాశావు? నా చేతికి రావటానికి ముందు ఎవరి చేతులు మారావు? జవాబులు తెలియకపోతే ప్రశ్నలని అలాగే ఉంచుకుని ముందుకి వెళ్ళండి. సంపుటం పూర్తయ్యాక తలరాతలని మాత్రం మొదటినుంచి వరసగా ఒక్కసారి చదవండి. గంట పని. రెండో కథ ఒకటి అప్పటిదాకా పైనే నడుస్తోందని తెలుస్తుంది.

ఇదంతా కాలక్షేపం పుస్తకాల గొడవేగా అంటారేమో. మన సంఘాలవాళ్ళు పండగలకి సావనీర్లు వేస్తుంటారు కదా. అలాంటి ఒకదానికి ప్రూఫులు చూస్తున్నప్పుడు, మన విద్యాసంప్రదాయం మీద ఒక పెద్దాయన ఎంతో శ్రమపడి రాసిన వ్యాసం నా చేతికొచ్చింది. దాని నెత్తిన, మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నట్టుగా చెప్పే ప్రసిద్ధమైన మాటలున్నాయి. దేశమంతా తిరిగితే ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనపడలేదని, ఈ జాతి వెన్ను విరవాలని. మీ ఫోనుకి కూడా వచ్చే ఉంటాయి. మెకాలే 1834లో మన దేశానికి వచ్చి 1838 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆ తేదీన ఆయన లండన్‌లో ఉపన్యాసం ఇవ్వలేడు. ఆ రోజు కలకత్తాలో ఆయన రాసినది విద్య మీద నివేదిక. అందులో మన పుస్తకాల మీద, మన భాషల మీద ఉన్నది చిన్నచూపే. ఆయన్ని తిట్టటానికి అదొక్కటీ చాలు, కల్పన అక్కర్లేదు.

ఆ మాటలు తీసేద్దామన్నాను. "మంచి మాటేగా, ఎవరన్నారన్నది అంత ముఖ్యమా?" అన్నారు కమిటీలో ఒకరు. మాటల్లో పౌరుషం ఉందన్నారు ఇంకొకరు. అలాగే అచ్చయింది. వ్యాసం మంచిది. అందులో వీధి బడుల గురించి, తాటాకుల మీద అక్షరాభ్యాసం గురించి రాసినవన్నీ గట్టి సంగతులు. కానీ ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఆ పేజీ తెరిస్తే ముందు చూసేది పైనున్న ఆ నాలుగు పంక్తులనే. అయిదు నిమిషాల్లో అవి దొంగవని తేల్చుకుంటారు. ఆ తరవాత కింద ఉన్న నిజాలని ఎందుకు నమ్ముతారు? పాపం మోర్డాంట్ కవితకి పట్టిన గతే మన వీధి బడులకీ పడుతుంది.

మన పిల్లలకి మన చరిత్ర అందేది ఇలాంటి ముక్కల్లోనే. సావనీరులో ఒక పేజీ, ఫోనులో ఒక ఫార్వర్డు, బాలభారతం బొమ్మల పుస్తకం, అమ్మమ్మ చెప్పిన సగం కథ. ప్రతిదాని నెత్తినా ఎవరిదో ఒక పేరు ఉంటుంది. మూడు సంపుటాల ఫాంటసీ నవల చదివి, పైనున్న మాట ఎవరిది, ఎప్పటిది, ఎవరైనా మార్చారా అని అడగటం నేర్చుకున్న పిల్ల రేపు మన పుస్తకాలనీ అలాగే అడుగుతుంది. అడగనివ్వాలి. ఆ అడిగే పిల్లకి జవాబు చెప్పగలిగేట్టుగా పైపంక్తి వేసే ముందు ఒక్కసారి మూలం చూసుకోవడం మన వంతు.